ఇంటి వద్ద నర్సు – ఇంటివారి బాధ్యత

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు మొదట ఇచ్చిన అంశం ‘వృద్ధాప్యంలో ఆరోగ్యం’. ఆ అంశం మీద ఈ వేదిక నుంచి డాక్టర్లు చాలామంది మాట్లాడారు. ఉప్పు తగ్గించండి, పొద్దున్నే నడవండి అని నేనూ చెబితే మీరు ఆవలిస్తారు. అందుకని వారి అనుమతితో అంశం మార్చుకున్నాను. ప్రభుత్వాసుపత్రిలో 34 ఏళ్ళు పనిచేసి, 2008లో 58 ఏళ్ళు నిండి పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత 12 ఏళ్ళు ఇళ్ళకు వెళ్ళి నర్సుగా పనిచేశాను. మోకాళ్ళు మొరాయించాక మానేశాను. ఆ 12 ఏళ్ళలో చూసిన సంగతులు మీ ముందుంచుతాను.

రిటైరైన కొత్తలో నాకూ ఇది తేలికైన పని అనిపించింది. వార్డులో 40 మంచాలకు ఇద్దరం సిస్టర్లం పరిగెత్తేవాళ్ళం. ఇక్కడ ఒకే రోగి, ఒకే మంచం. అయితే వార్డులో నా డ్యూటీ అయ్యేసరికి ఇంకొక సిస్టరు వచ్చి నా దగ్గర రిపోర్టు తీసుకునేది. పొద్దున డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేవారు. మంచానికి కేసు షీటు వేలాడుతూ ఉండేది. ఎవరు ఏం చేశారో అందులో ఉంటుంది, చేయనిదీ తెలిసిపోతుంది. ఇంటికి వెళితే ఈ ఏర్పాటంతా ఉండదు. పగలు ఆయా, రాత్రి భార్య, ఆదివారం కోడలు, ఫోనులో కొడుకు. ఎవరి మట్టుకు వారు చేస్తున్నామనే అనుకుంటారు. మంచానపడ్డ వాళ్ళకు ఇంట్లో వచ్చే కష్టాల్లో చాలా భాగం అసలు జబ్బు వల్ల వచ్చినవి కావు. ఫలానా పని ఫలానావారిది అని ఎవరూ చెప్పుకోకపోవడం వల్ల వచ్చినవి. ఈ మాటే ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నది.

ఇళ్ళకు వెళ్ళి రోగులను చూడడం కొత్త వృత్తేమీ కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి భార్య జబ్బుపడితే మేరీ రాబిన్‌సన్ అనే నర్సు ఇంట్లోనే ఉండి సేవ చేసింది. భార్య పోయిన తర్వాత 1859లో ఆయన ఆ నర్సునే జీతమిచ్చి పేదల ఇళ్ళకు పంపించడం మొదలుపెట్టాడు. ఆ దేశంలో డిస్ట్రిక్ట్ నర్సుల వ్యవస్థకు అదే నాంది. మన దేశంలో ఏ.ఎన్.ఎం.లు ఇంటింటికీ తిరుగుతారు గాని, వారి పని ప్రధానంగా తల్లీబిడ్డల కోసం, టీకాల కోసం ఏర్పడింది. వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఇంటి సందర్శనలు కూడా చేర్చారు. అయినా మన తెలుగు ప్రాంతాల్లో మంచానపడ్డవారి సేవ ఎక్కువగా ప్రైవేటు ఏజెన్సీల ద్వారానే సాగుతోంది. కనుక వచ్చేది ఎవరో తెలుసుకోవలసిన బాధ్యత ఇంటివారిదే.

తెల్లకోటు వేసుకున్న ప్రతివారినీ మనం ‘నర్సమ్మ’ అంటాం. నిజానికి జి.ఎన్.ఎం. గాని, నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగు గాని చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన మనిషి వేరు. ఆమెకు రిజిస్ట్రేషన్ నెంబరుంటుంది. అడిగితే చూపించాలి, అందులో నామోషీ లేదు. రెండేళ్ళ ఏ.ఎన్.ఎం. వేరు. కొద్ది నెలల శిక్షణతోనో, అసలు శిక్షణే లేకుండానో వచ్చే ఆయా, అటెండెంటు వేరు. ఆయాలను నేను తక్కువ చేయడం లేదు. మనిషికి నొప్పి తెలియకుండా ఒత్తిగిల్లజేయడంలో నేను చూసిన మంచి చేయి ఏడో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయిది. స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం, నడిపించడం వంటివి ఆ అమ్మాయిలు చక్కగా చేస్తారు. వారిచేత ఇంజెక్షన్లు చేయించడం, రైల్స్ ట్యూబు వేయించడం, మూత్రపు గొట్టం మార్పించడం మాత్రం తప్పు. ఏజెన్సీవాళ్ళు ‘మా నర్సు అన్నీ చేస్తుంది’ అంటే నమ్మకండి. ఏం చదివింది, ఏం చేయగలదు, ఏం చేయదు అని ఆ అమ్మాయినే కూర్చోబెట్టి అడగండి. చేయలేనని చెప్పే అమ్మాయి దొరికితే వదులుకోకండి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇన్సులిన్ వాడేవారు ఈ హాలులో చాలామందే ఉంటారు. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్రమూత ఉన్న 40 యూనిట్ల సిరంజి వాడాలి. మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ కూడా ఉంది. దానికి నారింజరంగు మూత సిరంజి. నేను వెళ్ళిన ఒక ఇంట్లో పది రోజులుగా చక్కెర దిగడం లేదు. డాక్టరు రాసింది 20 యూనిట్లు. ఇంట్లోవాళ్ళు సిరంజి మీద 20 గీత దాకానే తీస్తున్నారు. చూద్దును కదా, సీసా 40ది, సిరంజి 100ది! మందుల షాపులో ఆ రోజు ఏది ఉంటే అది ఇచ్చారు. ఆ సిరంజిలో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్ళేది 8 యూనిట్లే. ఇది అటుదిటైతే, అంటే 100 సీసాకు 40 సిరంజి వాడితే, 20 గీత దగ్గర 50 యూనిట్లు వెళ్ళిపోతాయి. ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికి వెళ్ళగానే మీ సీసా, మీ సిరంజి పక్కపక్కన పెట్టి చూసుకోండి. చక్కెర పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణుకుతూ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇక పడక పుండ్ల సంగతి. దీనిమీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ఒక పెద్దాయన, మంచి హోదాలో రిటైరైనవారు. ముగ్గురు పిల్లలు, మూడు దేశాల్లో. భార్య లేరు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. పిల్లలు నిజంగా మంచివాళ్ళు. 24 గంటల మనిషిని పెట్టారు, ఖరీదైన గాలిపరుపు కొన్నారు, రోజూ సాయంత్రం వీడియోలో మాట్లాడేవారు. ఆ అమ్మాయి ఆ వేళకు ఆయనకు ముఖం కడిగి, తల దువ్వి, విభూతి పెట్టి, దిండుకు ఆనించి కూర్చోబెట్టేది. ‘నాన్న బాగున్నారు’ అనుకుని వాళ్ళు నిద్రపోయేవారు. జ్వరం తగ్గడం లేదని నన్ను పిలిపించారు. పక్కకు తిప్పి చూస్తే నడుము కింద ఎముక దగ్గర నా పిడికిలి పట్టేటంత పుండు. అది ఒక్క రోజులో అయ్యేది కాదు. ఆ అమ్మాయిని అడిగితే ‘వీపు చూడమని నాకెవరూ చెప్పలేదమ్మా’ అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. తినిపించమన్నారు, మందులు వేయమన్నారు, ఫోను పట్టుకోమన్నారు. వీపు చూడమని ఎవరూ చెప్పలేదు. ఆ పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. ఆయన ఆ ఏడు నెలల్లో పడిన బాధ పక్షవాతం వల్ల పడలేదు.

ఒకే చోట ఒత్తిడి పడితే అక్కడికి రక్తం అందక చర్మం చచ్చిపోతుంది, అంతే. నడుము కింద, తుంటి ఎముకల మీద, మడమల దగ్గర, చీలమండల దగ్గర, మోచేతుల దగ్గర, తల వెనుక చూడాలి. తనంతట తాను కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. గాలిపరుపు ఉన్నా మార్చాలి. పరుపు సాయం చేస్తుందే తప్ప మనిషి పని అది చేయదు. మార్చేటప్పుడు ఈడ్చకూడదు, కింద వేసిన అడ్డ దుప్పటిని ఇద్దరు చెరో పక్కన పట్టుకుని ఎత్తాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి. రోజుకొకసారి వెలుతురులో ఒళ్ళంతా చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే, నర్సుకో డాక్టరుకో చూపించాలి. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు, అక్కడ గట్టిగా గాని, మెత్తగా గాని, వేడిగా గాని ఉందేమో చేత్తో తడిమి చూడాలి. మేము ట్రైనింగులో ఉన్న రోజుల్లో స్పిరిటు రాసి, పౌడరు వేసి మర్దనా చేయమని నేర్పేవారు. ఇప్పుడది మానేశారు. ఎర్రబడిన చోట రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుంది. ఈ సంగతి తెలియక ప్రేమకొద్దీ రుద్దేవారు ఇప్పటికీ ఉన్నారు.

దీనికి ఎదురుగా ఇంకొక ఇల్లు చెప్పాలి. రెండు గదుల ఇల్లు. ఆయన ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. ఆవిడకు 70 ఏళ్ళు, ఐదో ఫారం దాకా చదువు. నన్ను రోజుకు ఒక గంటకే పెట్టుకోగలిగారు. మొదటి రోజే ఆవిడ ‘ఏం చేయాలో చూపించమ్మా, నేను రాసుకుంటాను’ అని పాత డైరీ ఒకటి తెచ్చారు. ఎన్ని గంటలకు ఏ పక్కకు తిప్పారు, ఏం తిన్నారు, ఎన్ని నీళ్ళు తాగారు, మూత్రం ఎంత, విరేచనం అయిందా లేదా, ఏ మాత్ర ఎప్పుడు వేశారు అన్నీ అందులో రాసేవారు. పాలవాడి లెక్క కూడా అందులోనే ఉండేది. ఒకసారి ఆయన రెండు రోజులుగా మగతగా ఉన్నారు. డాక్టరుగారు వచ్చి ఆ డైరీ తిరగేసి, నాలుగు రోజుల క్రితం కొత్తగా మొదలైన నిద్రమాత్ర దగ్గర వేలు పెట్టి, దాన్ని ఆపేశారు. మూడో రోజుకు ఆయన పేపరు చదవమని అడిగారు. ఆ ఇంట్లో రెండేళ్ళపాటు ఒక్క పుండు రాలేదు. గాలిపరుపు కూడా లేదు ఆ ఇంట్లో.

ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యే రోజున మనకు బిల్లు మీదా, అంబులెన్సు మీదా ఉన్న ధ్యాస మిగతావాటి మీద ఉండదు. వార్డు సిస్టరును అడిగి, ఇంటికెళ్ళాక చేయవలసినవి ఆమె ఎదుట మీ చేతులతో ఒకసారి చేసి చూపించండి. ముక్కు గొట్టం ద్వారా జావ పోయాలంటే తలవైపు ఎత్తు పెట్టాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి తినిపిస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. మూత్రపు సంచి ఎప్పుడూ నడుము కంటే కిందుగా ఉండాలి, నేలకు తగలకూడదు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు, భుజం కీలు జారిపోతుంది. ఇవి చూపించడానికి పావుగంట చాలు.

రోగి మాట వినడం గురించి కూడా చెప్పాలి. మాట పడిపోయిన మనిషికి ఆలోచన కూడా పడిపోయిందనుకుంటారు. ఒక ఇంట్లో పెద్దాయన ఎదుటే ‘ఈయనకు ఏమీ తెలియదు లెండి’ అనేవారు. నేను ఆయన పక్కన కూర్చుని, అవునంటే కళ్ళు ఒకసారి మూయండి, కాదంటే రెండుసార్లు అన్నాను. ఒక్కొక్కటే అడుగుతూ పోగా తెలిసిందేమిటంటే, ఆయన్ను ఆ వెనుక గదిలోంచి వీధి వైపు గదిలోకి మార్చాలి, ఎవరైనా చూడవచ్చే ముందు గడ్డం గీయించాలి. ఈ రెండూ జరిగాక ఆయన అన్నం తినడం పెరిగింది. ఇంకొకరు, పరాయి ఆడమనిషి స్నానం చేయిస్తానంటే ససేమిరా అన్నారు. ఇంట్లోవాళ్ళు కోప్పడ్డారు. కోప్పడవలసిన పని లేదు. వారానికి మూడు రోజులు ఒక మగ అటెండెంటును కుదిర్చాము, సరిపోయింది.

మతిమరుపు జబ్బు ఉన్నవారితో వాదన పెట్టుకోకూడదు. రైల్వేలో గార్డుగా చేసిన ఒకాయన రోజూ తెల్లవారుజామున 3 గంటలకు లేచి ‘బండి టైమయింది, నా పెట్టె ఏది’ అని తలుపు దగ్గరికి వెళ్ళేవారు. భార్య ‘మీరు రిటైరై ఇరవయ్యేళ్ళయింది’ అని ఏడ్చేది. నేను ఒక రాత్రి ‘బండి రెండు గంటలు లేటండీ, స్టేషను నుంచి కబురొచ్చింది’ అన్నాను. ‘ఎప్పుడూ ఇంతే’ అని విసుక్కుని పడుకున్నారు. రైల్వేవారు నన్ను క్షమించాలి.

ఆ భార్య గురించి కూడా చెప్పాలి. నేను ఏ ఇంటికి వెళ్ళినా రోగితోపాటు ఆయన్ను చూసుకుంటున్న ఇల్లాలి బి.పి. కూడా చూసేదాన్ని. సగం ఇళ్ళలో ఆమె బి.పి.యే ఎక్కువగా ఉండేది. ఆయన మాత్రలు గంట కొట్టినట్టు వేస్తుంది, తనవి మరచిపోతుంది. నర్సు వచ్చిన మొదటి వారం ఆమె చేయవలసిన పని నిద్రపోవడం. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు 80 ఏళ్ళు నిండితే బేసిక్ పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది, రాష్ట్ర పెన్షనర్లకు వయసు, శాతం వేరు. ఆ డబ్బు వారానికి రెండు రాత్రులు మనిషిని పెట్టుకోవడానికి వాడండి అని నా సలహా. మనవడికి గడియారం తర్వాతైనా కొనవచ్చు.

ఇప్పుడు వచ్చే అమ్మాయి పక్షాన నాలుగు మాటలు. 24 గంటల డ్యూటీ అంటారు. రాత్రి రెండు గంటలకొకసారి లేచిన మనిషి పగలు ఎలా మెలకువగా ఉంటుంది? పగలు ఆరు గంటలైనా ఆమెను ఎవరూ లేపకూడదు. రాత్రి మిగిలిన అన్నం వేరే పళ్ళెంలో పెట్టి ఇచ్చే ఇళ్ళు చూశాను. అంట్లు తోమమనే ఇళ్ళూ చూశాను. మీరు ఏజెన్సీకి కట్టేదాంట్లో ఆమె చేతికి ఎంత వస్తోందో అడిగి తెలుసుకోండి. బీరువా తాళాలు వేసుకోండి, వేసుకున్నామని మొదటి రోజే చెప్పండి, దానికి ఆమె బాధపడదు. తాళం వేయకుండా వదిలి, తర్వాత గాజు కనబడలేదని ఆమె సంచి వెతికితే బాధపడుతుంది. ఒకచోట నా ఎదుటే అలా వెతికారు. గాజు దిండు గలీబులో దొరికింది. ఆ అమ్మాయికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

పెద్దలు మరోలా అనుకోకపోతే ఇంకొక మాట. కొన్ని ఇళ్ళలో మగవాళ్ళు, ఒక్కోసారి రోగులు కూడా, ఆ పిల్లలతో తప్పుగా ప్రవర్తిస్తారు. ఉద్యోగం పోతుందని వాళ్ళు చెప్పరు. ఇంటి ఆడవాళ్ళు ఆమెకు గడియ ఉన్న గది ఒకటి చూపించి, ‘ఏదైనా ఉంటే నాకు చెప్పమ్మా’ అని మొదటి రోజే అంటే చాలా వరకు ఆగిపోతుంది. నేను చూసి చెబుతున్నాను.

ఇక చివరి దశ. కాన్సరు నొప్పి భరించవలసిన పని లేదు. కాలికట్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ సేవ కేరళ అంతటా పాకి, నర్సులు, వాలంటీర్లు ఇళ్ళకు వెళ్ళి నొప్పి తగ్గించే ఏర్పాటు అయింది. 2008లో ఆ రాష్ట్రం దానికి ఒక విధానమే ప్రకటించింది. మన వైపు హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మార్ఫిన్ దొరకడం కష్టంగా ఉండేది, 2014లో చట్టం సవరించి నిబంధనలు సులువు చేశారు. ‘మార్ఫిన్ ఇస్తే అలవాటవుతుందేమో’ అని సందేహించి మనిషిని అరిపించవద్దు, డాక్టరును అడగండి.

కోలుకునే ఆశ లేని స్థితి వస్తే వెంటిలేటరు మీద పెట్టవద్దు అని ముందుగా రాసి ఉంచుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగాని, గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువీకరణ చేయిస్తే చాలు. సర్వీసులో ఉండగా మీలో ఎంతమంది ఎన్ని కాగితాల మీద అటెస్టేషన్ చేశారో! ఇప్పుడు సర్వీసులో ఉన్న ఒకరి దగ్గరికి మీరు వెళ్ళండి. రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేను చెప్పేది కాదు. అయితే ఏదీ చెప్పకుండా పడిపోయిన తండ్రి మంచం పక్కన నలుగురు పిల్లలు నాలుగు రకాలుగా పోట్లాడుకుంటుంటే, రాత్రి డ్యూటీ నర్సు నా వంకే చూస్తారు, నేనేం చెబుతాను?

లైఫ్ సర్టిఫికెట్ సంగతి రెండు ముక్కల్లో. మంచానపడ్డవారి వేలిముద్రలు అరిగి మిషను తీసుకోకపోతే గాభరా పడకండి. 2021 నుంచి ముఖం చూపించి ఫోనులోనే చేయవచ్చు, పోస్టుమాన్‌ను ఇంటికి పిలిపించుకుని కూడా చేయించవచ్చు. ముందురోజు గడ్డం గీయించి, కళ్ళజోడు తీసి, వెలుతురులో కూర్చోబెట్టండి.

భోజనాల వేళయిందని కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. వరండాలో ఒక బల్ల, పరుపు, రెండు దిండ్లు, ఒక అడ్డ దుప్పటి పెట్టించాను. మనిషిని ఎలా తిప్పాలో, ఎలా లేపి కూర్చోబెట్టాలో భోజనాలయ్యాక చూపిస్తాను. పడుకోవడానికి బరువైనవారు ఒకరు కావాలి. కోశాధికారిగారు ఒప్పుకున్నారు. మగవారు కూడా రావాలి, భార్యలు కూడా మంచానపడతారు. బి.పి. మిషను కూడా తెచ్చాను. ముందుగా ఇల్లాళ్ళకు చూస్తాను. సెలవు.